వెచ్చని గ్యారేజీలో తుప్పు

ఏ బండినైనా ముందు కిందినుంచి చూడడం ఐలా కంగాస్‌కు అలవాటు. రంగు ఎలా ఉంది, సీట్లు చిరిగాయా అన్నవి తర్వాతి సంగతులు. అమ్మేవాడు తలుపు తీసి లోపలి సోకులు చూపిస్తుంటే, ఈమె అప్పటికే నేలమీద అట్ట పరుచుకుని వెల్లకిలా పడుకుని, చిన్న సుత్తితో ఇనుమును తడుతూ ఉండేది. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్నది నానిన చెక్కలా దబ్బుమంటుంది. ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. సుపీరియర్ సరస్సులోకి పొడుచుకుపోయిన ఆ నేలమీద చలికాలమంతా మంచు పడుతుంది, దాన్ని కరిగించడానికి చలికాలమంతా రోడ్లమీద ఉప్పు పడుతుంది. ఆ ఉప్పు తిన్న బండ్ల కింద దూరి దూరి తనే నేర్చుకుంది.

ఆమెది టపా పంచే పని. అడవి రోడ్ల వెంట విసిరేసినట్టున్న ఇళ్ల ముందు పెట్టెల్లో ఉత్తరాలు వేసుకుంటూ పోవాలి. బండి సొంతది కావాలి. స్టీరింగు కుడిపక్కన ఉండాలి, లేకపోతే కూర్చున్నచోటునుంచి చెయ్యి పెట్టెకు అందదు. అందరి స్టీరింగూ ఎడమపక్కనే ఉండే ఆ దేశంలో అలాంటి బండి వెతికితే తప్ప దొరకదు. ఇంతకుముందున్నది ఒక మార్చి నెలలో ఎత్తు ఎక్కుతుండగా కూలబడింది. కింది ఇనుము పుచ్చిపోయి, వెనక స్ప్రింగు దాన్ని చీల్చుకుని పైకి వచ్చేసింది. మళ్లీ బండి కుదిరేదాకా ఆమె ఇళ్లకు వేరెవరో ఉత్తరాలు వేశారు. ఐలా కిటికీ దగ్గర కూర్చుని, ఇప్పుడు ఎవరి పెట్టె మూత తీస్తుంటారో లెక్కపెట్టుకుంటూ కాలం గడిపింది.

ఇప్పటి బండి మంచు పడని దక్షిణాదినుంచి తెప్పించుకున్న పాతది. ఉప్పు మొహం ఎరగదు. కొన్న రోజున దాని కింద పడుకుంటే ఆమెకు నవ్వు వచ్చింది, అంత శుభ్రంగా ఉంది. ఇది కూడా పోతే ఇంకోటి కొనే స్తోమత లేదు. పని మానుకోవడం ఒక్కటే మిగులుతుంది.

అందుకని దానికి ఏ లోటూ రానివ్వలేదు. వారం వారం కడిగేది, పనినుంచి రాగానే ఇంటి పక్కన హీటరున్న గ్యారేజీలో పెట్టేది. ఆకులు రాలే కాలంలో మరిది రోడ్నీ కొట్టంలో దానికి నూనె పట్టించేది. ముందు తలుపుల కింది అంచుల్లో నీళ్లు జారే రంధ్రాలను తీగతో పొడిచి శుభ్రం చేసేది. అవి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచిపోతాయి. తర్వాత బోలుగా ఉన్న ప్రతి ఇనుప దూలంలోకీ సన్నని గొట్టం దూర్చి పల్చని నూనె చిమ్మేవారు. బ్రేకుల మీద మాత్రం చుక్క పడనిచ్చేది కాదు. తారులాంటి నల్లపూత ఒకటి దొరుకుతుంది గాని ఆమె దాని జోలికి పోలేదు. అది ఎండిపోయి పగిలితే ఉప్పునీళ్లు కిందికి చేరతాయి, పైకి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

నూనె కారుతుండగానే కంకర తేలిన మట్టిరోడ్డు మీద బండిని దుమ్ము లేచేలా నడపడం అక్కడి ఆనవాయితీ. దుమ్ము నూనెకు అంటుకుని తొక్కలా గట్టిపడుతుంది.

"నూనె నేను రాశాను వదినా, పౌడరు నువ్వు అద్దుకుని రా," అనేవాడు రోడ్నీ.

"నీ మొహానికి కూడా కాస్త మిగుల్చుకొస్తాలే," అనేది ఐలా.

జనవరిలో ఒక మధ్యాహ్నం టపా ముగించుకుని వచ్చి, మామూలుగానే బండి కింద పడుకుని తట్టింది. వెనక కుడి చక్రం పక్కన, దూలం వంపు దగ్గర, దబ్బుమంది. మళ్లీ తట్టింది. ఎర్రటి పెచ్చు ఒకటి ఊడి ఆమె చెంపమీద పడింది. పాత బండి కూలబడింది సరిగ్గా అదే చోట.

మరునాడు రోడ్నీ ట్రక్కు కిందికి దూరింది. అది ఆమె బండికంటే ముసలిది. ఇంటి ముందే మంచులో పడి ఉంటుంది. చలికాలంలో దానికి స్నానమన్నది లేదు. ఎక్కడ తట్టినా ఖంగుమంది.

"ఏం చేశావు దీనికి?" అంది, కిందినుంచే.

"ఏం చెయ్యలేదు. అదే దాని అదృష్టం."

"అదే నూనె కదా రెండిటికీ?"

"అదే డబ్బా, అదే గొట్టం. నీది ముద్దెక్కువై చెడింది వదినా. వారం వారం కడుగుతావు, రోజూ వెచ్చగా పడుకోబెడతావు. దానికి కథలు కూడా చెబుతున్నావేమో!"

"నోరు మూసుకుని లైటు సరిగ్గా పట్టు."

కోపం వచ్చిందిగాని, ఇంటికి నడిచి వచ్చేసరికి ఆ వేళాకోళంలో రెండు మాటలు మిగిలాయి. కడగడం, వెచ్చదనం. వీటిలో ఏది? ఎవరినైనా అడిగితే తలా ఒకటి చెబుతారు. ఆ ఊళ్లో తుప్పు గురించి చెప్పలేని మనిషి లేడు. ఇనుమునే అడగడం నయం అనుకుంది.

కొట్టం వెనక పాత బండి తలుపు ఒకటి మంచులో కూరుకుపోయి ఉంది. దాన్ని తవ్వి తీసి, రేకు కత్తెరతో మూడు ముక్కలు కోసి, రంగు గీకి, తళతళలాడేలా రుద్దింది. చక్రం పైన గడ్డకట్టిన బూడిదరంగు ఉప్పుమంచును బకెట్లోకి రాల్చుకుంది. రెండు ముక్కలకు అది పూసి, ఒకటి గ్యారేజీ గోడకు, రెండోది బయట కట్టెల పాక చూరుకు కట్టింది. మూడోదానికీ అదే పూసి, మంచినీళ్లతో బాగా కడిగి, గ్యారేజీలోనే మొదటిదాని పక్కన వేలాడదీసింది. రోజూ పనినుంచి రాగానే మళ్లీ అదే తంతు. బండికి రోజూ కొత్త ఉప్పు తగులుతుంది కదా, మరి ముక్కలకూ తగలాలి.

ఇంట్లో యాలకుల రొట్టె ఉందన్నా రోడ్నీ ముందు గ్యారేజీలోకే వచ్చేవాడు.

"రేకులు ఆరేసుకుంటున్నావేంటి వదినా? ఇస్త్రీ కూడా చేస్తావా?"

"ముట్టుకోకు. ఊపిరి కూడా తగలనివ్వకు."

ఫిబ్రవరి గడిచేసరికి ఇక వాదన మిగల్లేదు. గ్యారేజీలో ఉప్పుతో ఉన్న ముక్క నారింజపండు రంగుకు తిరిగి నూగు పట్టింది. గోటితో గీస్తే పొడిగా రాలింది. కడిగిన ముక్క మీద అక్కడక్కడ టీ మరకల్లాంటివి, అంతే. పాకలోదాని మీద ఉప్పుమంచు రాయిలా బిగుసుకుని ఉంది. దాన్ని పగలగొట్టి చూస్తే కింద ఇనుము ఇంకా మెరుస్తోంది. అంచున రెండు మూడు చుక్కలు.

ఐలా మూడింటినీ బల్లమీద పరిచింది. రోడ్నీ ఈసారి నవ్వలేదు.

"అంటే గడ్డకట్టి ఉన్నంతసేపు ఉప్పు నిద్రపోతుంది," అన్నాడు.

"మనం రోజూ లోపలికి తెచ్చి, వెచ్చబెట్టి, దాన్ని నిద్రలేపి పనిలోకి పంపుతున్నాం."

ఆ మాట అని ఆమె గోడకున్న హీటరు వైపు చూసింది. అది కార్ల్ బిగించింది. ఆమె భర్త, రోడ్నీకి అన్న. చివరిసారి ఆరోగ్యంగా ఉన్న శరత్కాలమంతా ఆ గ్యారేజీ మీదే గడిపాడు. సందుల్లో ఉన్ని కూరి, గ్యాసు గొట్టం లాగి, తెల్లారుజామున ఐలా బండి అద్దాల మీది మంచు గీక్కుంటూ నిలబడే అవస్థ తప్పించాడు. మూడు చలికాలాలుగా ఆమె వెచ్చని బండి ఎక్కిన ప్రతి ఉదయం అది ఆయన ఎక్కించినట్టే ఉండేది.

"కార్ల్ చేసింది బండిని తినేసిందన్నమాట," అంది, ముక్కల్ని తిరగేస్తూ.

రోడ్నీ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "అన్నయ్య దీన్ని బండి కోసమా పెట్టాడు? నీ చేతుల కోసం పెట్టాడు. పదిసార్లు చెప్పుంటాడు నాతో. వదిన వేళ్లు చలికి తెల్లబడిపోతున్నాయిరా అని."

ఐలా ముక్కల్ని బల్లమీదే వదిలేసింది. తాళాలు తీసుకుని, బండిని వెనక్కి నడిపి బయట మంచులో నిలిపింది. తిరిగొచ్చి గ్యారేజీ తలుపు మూసింది. హీటరు మాత్రం ఆర్పలేదు.

పుచ్చిన చోటును ఒక ఆదివారం రోడ్నీ కొట్టంలో కోసి, కొత్త రేకు అతికారు. అతుకు వేసింది రోడ్నీ. దాన్ని నున్నగా రుద్దే పని ఐలా అతనికి ఇవ్వలేదు. లోపలికి మళ్లీ నూనె చిమ్మారు. అప్పటినుంచి బండికి స్నానం, ఉప్పు నిద్రలేచే, మంచు కరిగే రోజుల్లోనే, అదీ కిందినుంచి. మిగిలినప్పుడు బయటే. తెల్లారుజామున ఆమె గ్యారేజీలో, హీటరు పక్కన బెంచీ మీద కూర్చుని బూట్లు వేసుకుంటుంది. చేతితొడుగులు హీటరు మీద వేడెక్కుతుంటాయి. వాటిని తొడుక్కుని బయటికి వెళ్లి మంచు గీకుతుంది. గీకడం ముగిసేదాకా వేళ్లలో ఆ వేడి నిలుస్తుంది.

మరుసటి చలికాలం చివర, బాటల మీద ఇంకా తెలుపు ఉండగానే, ఐలా అట్ట పరుచుకుని బండి కింద పడుకుంది. రోడ్నీ లైటు పట్టుకున్నాడు.

"ఏమంటోంది వదినా?"

"నువ్వు మాట్లాడకపోతే వినిపిస్తుంది."

వంపు దగ్గర తట్టింది. ఖంగుమంది. అతుకు మీద, అతుకు పక్కన, దాని వెనక తట్టింది. తర్వాత ఎడమవైపు చూడకుండా లేవడం ఎందుకని అట్టతో సహా అటు జరిగింది.