ఒక్క కాఫీ అంతసేపు

లెస్కోవట్స్ ఊళ్ళో వుకోసావా తన జుట్టును బంగారు రంగులోకి తెచ్చుకునేది వంటింట్లోనే. మొదళ్ళలో తెలుపు తొంగిచూడగానే పాత తువ్వాలు భుజాల మీద వేసుకుని, పింగాణీ గిన్నెలో బ్లీచు కలిపి తలకు పట్టిస్తుంది. గడియారం చూడదు. కాఫీ కాచి, తాగి, కప్పు బోర్లించి, పక్కింటి స్తామెంకా ఆ మడ్డి చూసి జోస్యం చెప్పడం ముగిస్తే తల కడిగే వేళయినట్టే. ఇరవై ఏళ్ళుగా ఆ లెక్క తప్పలేదు. ఒకరోజు మాత్రం కప్పులో ఒక మీసాలాయన కనిపించాడు. వుకోసావా భర్త పోయి తొమ్మిదేళ్ళు. "ఎటు చూస్తున్నాడే?" "నీ వైపే అక్కా! ఉండు, చేతిలో ఏదో ఉంది..." అదేమిటో తేలేసరికి జుట్టు పీచులా ఊడి చేతికొచ్చింది.

వీధి చివరి సెలూన్‌లో తియానా ఆ తల చూసి నెత్తి కొట్టుకుంది. "ఎంతసేపు ఉంచావు పిన్నీ?" "ఒక్క కాఫీ అంతసేపే." "జోస్యం ఎవరు చెప్పారు?" "స్తామెంకా." "అయితే మూడు కాఫీలని చెప్పు!" చెవుల దాకా కత్తిరించి, తేనె రంగు వేసి పంపింది. పదేళ్ళు తగ్గావని వీధంతా మెచ్చుకుంది. వుకోసావా కాదనలేదు. "అక్కడ కాఫీ మాత్రం కాగితం గ్లాసులో ఇచ్చారమ్మా, దాన్నేం బోర్లిస్తాం?" అంది.

నెల తిరిగేసరికి మళ్ళీ అదే తువ్వాలు, అదే గిన్నె. స్తామెంకా కప్పు ఎత్తబోతుంటే వుకోసావా లేచి కుళాయి వైపు నడిచింది. "మీసాలాయన వస్తే కూర్చోమను. తల కడుక్కొస్తా."