వాల్‌ఫ్రిడ్ సాసరు

నది సముద్రంలో కలిసేచోట, ఉత్తర స్వీడన్ కలప కోత మిల్లులో పదిహేనేళ్లు పలకలు మోసిన వాల్‌ఫ్రిడ్ శ్యోదిన్ ఉన్నట్టుండి గొప్ప రచయిత అయిపోయాడు. అందులో అతని తప్పేం లేదు. పని దిగి వచ్చి, వంటింటి బల్ల మీద పెన్సిల్‌తో ఉన్నదున్నట్టు ఒక నవల రాశాడు, అంతే. స్టాక్‌హోమ్ వాళ్లకు అది తెగ నచ్చేసింది. కూలివాడికి రాయడం వస్తుందని వాళ్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు మరి.

రాజధానికి పిలిపించారు. విందుల్లో నవల గురించి అడిగిన పుణ్యాత్ములు తక్కువ. కాఫీ వచ్చే వేళకు మాత్రం దొరసానులంతా చుట్టూ మూగేవారు. పంటి కింద చక్కెర బిళ్ల పెట్టుకుని, కాఫీ సాసర్లో పోసుకుని, మిల్లువాళ్లు ఎలా తాగుతారో తాగి చూపించాలి. మొదటిసారి సిగ్గుతో చచ్చిపోయాడు. నాలుగోసారికి ఆ బాధ లేదు. చప్పుడు ఎంత పెద్దదైతే చప్పట్లు అంత ఎక్కువ. నాలుగేళ్లు అలా జుర్రుతూనే ఉన్నాడు పాపం, సాహిత్య సేవంటే మాటలా!

రెండో నవల మాత్రం ఒక్క పేజీ కదల్లేదు. మళ్లీ మిల్లు వాసన రావాలన్నాడు ప్రచురణకర్త. ఆ వాసన స్టాక్‌హోమ్‌లో అమ్మరు కాబట్టి, 1936 వసంతంలో వాల్‌ఫ్రిడ్ పాత కోటు వెతికి తొడుక్కుని ఊరికొచ్చాడు. పలకలు మోసే జట్టుకి పెద్ద హిల్డింగ్. ఒకప్పుడు ఒకే పలకకి అటు కొస అతను, ఇటు కొస ఇతను. హిల్డింగ్ ఊఁ అంటే జట్టులో చోటుంటుంది, రాయడానికి నాలుగు ముక్కలు దొరుకుతాయి. కాదంటే రచయితగారి పని అయిపోయినట్టే.

హిల్డింగ్ భార్య టెక్లా అతన్ని ముందుగదిలో కూర్చోబెట్టింది. పాస్టరుగారు వస్తేనే తలుపు తీసే గది అది. పువ్వుల కప్పు, ఏడు రకాల బిస్కెట్లు, ఎదురుగా హిల్డింగ్. వంటింట్లోనే కూర్చుంటానని వాల్‌ఫ్రిడ్ బతిమాలాడు. పెద్దమనుషుల్ని వంటింట్లో ఎలా కూర్చోబెడతామండీ అందామె. వాల్‌ఫ్రిడ్ బిస్కెట్లు పక్కకి జరిపాడు. తాను ఇంకా వాళ్లవాడేనని ఇప్పుడే, ఇక్కడే చూపించాలి. చక్కెర బిళ్ల పంటి కింద పెట్టాడు, సాసరు నిండా పోశాడు, రాజధాని అంతా మెచ్చిన ఆ జుర్రు జుర్రాడు. కిటికీ అద్దాలు పగలకపోవడం టెక్లా అదృష్టం.

తలెత్తేసరికి ఆమె నేల చూస్తోంది. హిల్డింగ్ మొహం కందిపోయింది.

"మేం ఇట్లా తాగుతామనే చెప్పావట్రా అక్కడ?"

హిల్డింగ్ తన సాసరు పెదవికి ఆనించి, చప్పుడన్నదే లేకుండా తాగాడు. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ రాత్రి పని దిగి వచ్చినవాడు గోడ అవతల నిద్రపోతుంటాడు. పసిపిల్లలు కూడా అలాగే తాగడం నేర్చుకుంటారు. పదిహేనేళ్లు వాల్‌ఫ్రిడ్ కూడా అలాగే తాగాడు. అది గుర్తొచ్చి అతనికి ఏడుపొచ్చింది.

"సోమవారం పనికి రా. నీ కొస ఖాళీగానే ఉంది," అన్నాడు హిల్డింగ్. "మా గురించి మాత్రం ఇంకో ముక్క రాయకు."

సోమవారం వాల్‌ఫ్రిడ్ తన కొస పట్టుకున్నాడు. సాసర్లో చప్పుడు కాకుండా తాగడం మళ్లీ పట్టుబడటానికి వారం పట్టింది. నవల ఎంతదాకా వచ్చిందని ప్రచురణకర్త ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.