చాయ్ చెప్పే సారు

మెదక్ బస్టాండు ఎదుట నెట్ సెంటర్ నడిపే ఆ సారు, ఎంసెట్ ర్యాంకు చూసి పెద్ద ఇంజనీరింగ్ కాలేజీల్లో సీటు వస్తుందో లేదో చెప్పేవారు. రాదన్న మాట మాత్రం ఆయన నోట ఎన్నడూ వినలేదు. "జర చాయ్ తాగుండ్రి" అనేవారు, అంతే. ఆ మాటకు అర్థం పిల్లలందరికీ తెలుసు. నర్సాపూర్ నుంచి నాతో వచ్చిన మా నాన్న అది మర్యాద అనుకుని సంబరంగా తాగాడు. నేను నా గ్లాసు బల్ల మీదే వదిలేశాను.

మరుసటేడు తమ్ముడి ర్యాంకు చూపించడానికి వెళ్తే, కంప్యూటర్ ముందు సారు కూతురే తన ఎంసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని కూర్చుని ఉంది. సారు నిరుటి కటాఫ్‌లన్నీ కిందికీ పైకీ జరిపి చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. చివరికి బయటికి తిరిగి, "ఒక చాయ్ పంపుండ్రి" అని కేకేశారు.

"నాకు చాయ్ వద్దు డాడీ," అంది ఆ పిల్ల. "ఇంకోసారి సూడు."