ఒక్కరోజు మినహాయింపు

రోజూ కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి, ఆ దారిలోనే ఒక మండలాఫీసు దగ్గర దిగుతాను. సోమవారాల్లో వచ్చే అర్జీలు తీసుకోవడం నా పని. తీసుకోవడమంటే ముద్ర వేసి, నంబరు రాసి, రసీదు చింపివ్వడం. అంతకు మించి నాకు సంబంధం లేదని చాలా ఏళ్లు హాయిగా నమ్మాను.

ఆ సోమవారం వచ్చినతను రెండెకరాల రైతు. పక్క పొలంవాళ్లు గట్టు జరిపారని ఠాణాలో ఫిర్యాదు చేశాడు. అదే అతని నేరం. వాళ్ల ఊళ్లో ఏ తగాదా అయినా ముందు గ్రామ కమిటీకి చెప్పుకోవాలి. కమిటీని కాదని ఠాణా మెట్లెక్కినందుకు, ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదని డప్పు కొట్టించారు. మాట్లాడిన ఇంటికీ అదే శిక్ష.

"సర్కారును నమ్ముడే తప్పయింది మేడం" అన్నాడు, నవ్వుతూనే.

మా ఆఫీసు కదల్లేదని అనను. శాంతి సమావేశం పెట్టాం. ఎక్కడ? కమిటీ భవనంలోనే! పెద్దమనుషుల్ని పిలిస్తే బాగుండదు, మనమే పోదామన్నారు మా సారు. కుర్చీలు వాళ్లవి, చాయ్ వాళ్లది. అతను మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఊరన్నంక కలిసుండాలె, మీల మీరే సూస్కోండ్రి" అని ఠాణా నుంచి వచ్చినాయన హితవు చెప్పాడు. అతను చేతులు జోడించి తప్పయిందన్నాడు. అందరూ సంతకాలు చేశారు. ఫొటో దిగాం. అందులో చాయ్ కప్పుతో నేనూ ఉన్నాను. తగాదా తీర్చమని మా గుమ్మం తొక్కినవాణ్ని తీసుకెళ్లి అవతలివాళ్ల చేతుల్లోనే పెట్టి వచ్చాం. ఫైలు మీద "సమస్య పరిష్కరించబడినది" అని రాసిందీ నేనే.

మర్నాడు కూడా ఊళ్లో అతనితో ఎవరూ మాట్లాడలేదు.

రెండు నెలలకు మళ్లీ వచ్చాడు. ఈసారి గట్టు ఊసే లేదు.

"మా అవ్వ మంచం పట్టింది మేడం. పక్కింటి అవ్వతోని నలభై ఏండ్లు కలిసి నాట్లేసింది. ఆమెను ఒక్కపారి వచ్చి మాట్లాడుమంటున్నది. ఆమె గోడ అవతల ఏడుస్తది గని భయానికి వస్తలేదు. ఒక్క పోలీసాయనను తోలియ్యుండ్రి. ఎవ్వలేమనరని ఆమెకు ధైర్యం చెప్తే చాలు."

కంప్యూటర్లో చూస్తే పాత ఫైలు మూసేసి ఉంది. సారునడిగితే ఇదివరకే పరిష్కారమైందని రాసిచ్చెయ్యమన్నారు. రాసిచ్చాను. నేనే ఠాణాకు ఒక ఫోను చేసి ఉండొచ్చు. సారుతో కాస్త గట్టిగా మాట్లాడి ఉండొచ్చు. బస్సు టైమవుతోందని గడియారం చూసుకున్నాను. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

తొమ్మిదో రోజున అతని తల్లి పోయిందని తెలిసి, సెలవు పెట్టి వెళ్లాను. వాకిలి నిండా జనం. పోనీలే, ఊరి మనసు కరిగిందనుకున్నాను. శవం పక్కన ఒక ముసలామె కూర్చుని, ఆ తల నిమురుతూ ఆగకుండా మాట్లాడుతోంది.

"మీ బర్రె ఈనిందే, గోడ మీదికెల్లి సూసిన. నువ్వు రాత్రంత దగ్గుతుంటే ఇన్న. గీడ్నే ఉండి రాకపోతినే..."

ఆ రైతు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"కమిటీ సావుకు ఒక్కరోజు మినాయింపు ఇచ్చింది మేడం. పొద్దుగూకేదాంక మాట్లాడచ్చన్నరు."

నేను తల దించుకున్నాను. అతని గొంతులో కోపం కూడా లేదు.

"గా ఒక్కరోజు మీరు ముందుగాలనే ఇప్పిస్తే, మా అవ్వ ఇనేది గద మేడం?"

పాడె లేపేటప్పుడు కూడా ఆ ముసలామె వెంట నడుస్తూ ఇంకా మాట్లాడుతూనే ఉంది.