చాంద్ పాషా కాళ్ల కరెంటు

మా అమరచింత చుట్టుపక్కల మటన్ దావత్ అంటే చాంద్ పాషా చెయ్యి పడాల్సిందే. పెళ్లి ముహూర్తం పెట్టుకోకముందే పాషా ఆ రోజు ఖాళీగా ఉన్నాడా అని కనుక్కునే వాళ్లను నేను చూశాను. నాది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, డేగులనే పెద్ద వంట గిన్నెలు నావి, వంట ఆయనది. ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్నాం, ఏళ్ల తరబడి పోట్లాడుకుంటున్నాం. నా డేగులకు సొట్టలు పెట్టేది ఆయనే, సొట్ట డేగులు ఇచ్చానని నలుగురిలో నన్ను తిట్టేదీ ఆయనే.

ఆయన దగ్గర కొలత గిన్నె, తూకం రాయి లాంటివేమీ ఉండవు. అంతా అందాజ. ముఖ్యంగా ఉప్పు. మరిగే ఎసట్లో పిడికిళ్లతో ఉప్పు వేసి, గంటెతో కాస్త తీసి నాలుక మీద పోసుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ కాసేపు పొయ్యి దగ్గర ఎవరూ నోరెత్తకూడదు. తర్వాత "డేగ్ పేరు మీద" అంటూ ఇంకో పిడికెడు వేస్తాడు. ఆ ఆఖరి పిడికెడు ఎందుకని అడగకూడదు. ఆయన భార్య హుసేన్‌బీ పెళ్లయిన నాటి నుంచి ఉల్లిగడ్డలు కోస్తూ, బియ్యం కడుగుతూ పక్కనే ఉంది గాని, ఎసరు రుచి చూసే హక్కు మాత్రం ఆమెకు ఎన్నడూ దక్కలేదు.

"ఇంట్ల వండుడు వేరు, డేగ్ వేరు" అంటాడు పాషా. "డేగ్‌కు మగోని నాలిక గావాలె."

నాలుకలో ఆడా మగా ఏమిటో నాకైతే అర్థం కాలేదు. అడిగితే ఆ పూట నా పళ్లెంలో మాంసం లేని ఎముకలే పడతాయని ఊరుకున్నాను.

ఆ మధ్య ఆయనకు బీపీ వచ్చింది. ఉప్పు తగ్గించి, రోజూ పొద్దున ఒక గోలీ వేసుకోమన్నారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పునూ నీళ్లనూ మూత్రంలో బయటికి పంపే గోలీ అది. పాషా ఆ ముక్క వరకే విన్నాడు. ఉప్పు రుచి చూడటం తన వృత్తి, అది మానడం కుదరదు. ఉప్పును తోసెయ్యడానికి గోలీ ఉండనే ఉంది. ఇక దిగులెందుకు? ఎసరు ఎక్కువసార్లు రుచి చూసిన రోజు గోలీలు ఎక్కువ మింగడం మొదలుపెట్టాడు. పైగా డేగ్ పేరు మీద ఇంకొకటి. కూరలో ఉప్పెక్కువైతే నీళ్లు పోసి సరిచేసినట్టు, తన ఒంటిని కూడా అందాజ మీద సరిచేసుకుంటూ వచ్చాడు మహానుభావుడు. ఈ సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు.

మొన్న ఎండాకాలం మా ఊరి బాలయ్య బిడ్డ పెళ్లి అయింది. మర్నాడు మధ్యాహ్నం ఊరందరికీ మటన్ బిర్యానీ దావత్. పొద్దున మాంసానికి మసాలా పట్టించారు, ఎసరు మరుగుతోంది. పాషా పీట మీంచి లేవబోయాడు. లేవలేదు. నవ్వాడు. మళ్లీ లేవబోయాడు. ఈసారి నవ్వు కూడా రాలేదు.

"శేఖర్, నా కాళ్లు ఏడున్నయో జూడు" అన్నాడు.

కాళ్లు ఉన్నచోటే ఉన్నాయి. కదలడమే లేదు. ఎవరో లక్వా, అదే పక్షవాతం, అన్నారు. అంతే, పెళ్లివాళ్లందరూ డాక్టర్లయిపోయారు. బాలయ్య బామ్మర్ది కృష్ణయ్య పావురం రక్తం రాస్తే తెల్లారేసరికి నడుస్తాడన్నాడు. ఇంకొకరు గట్టు అనే ఊళ్లో ఆకు మందు ఇస్తారన్నారు. బాలయ్య మాత్రం పాషా చేయి పట్టుకుని, "నీ పానం పైలం భాయ్" అని, ఒక కన్ను డేగ్ మీద వేసి, "మరి మటన్ ఏం గావాలె?" అన్నాడు.

మటన్ సంగతి ఎవరు చూశారో నేను ఆగి తెలుసుకోలేదు. నా ట్రాలీ ఆటోలో తివాచీలు పరిచి పాషాను పడుకోబెట్టి వనపర్తి దవాఖానకు తోలాను. దారంతా ఆయన ఆకాశం చూస్తూ ఒకటే మాట.

"కాళ్లు లేని బావర్చిని ఎవడు పిలుస్తడు శేఖర్? రేపటి సంది నేనెందుకు ఎవనికన్న?"

నేను ఆటో ఇంకాస్త జోరుగా తోలాను.

దవాఖానలో డాక్టర్ కృప అని నాగర్‌కర్నూల్ అమ్మాయి. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది, అరికాలు గీకి చూసింది.

"గిచ్చితే తెలుస్తది, మూతి వంకర లేదు, రెండు కాళ్లూ ఒక్క తీరుగనే పట్టేసినయి. ఇది లక్వా కాదు పెద్దాయనా" అని రక్తం తీయించింది. రిపోర్టులో పొటాషియం అడుగంటిపోయిందని వచ్చింది. "బీపీ గోలీలు రోజుకు ఎన్ని వేస్కుంటున్నరు?" అని అడిగింది.

"అందాజ మీద, డాక్టరమ్మా."

ఆమె వెంటనే ఛాతీకి గుండె మిషన్ తగిలించి, సెలైన్‌లో పొటాషియం కలిపి మెల్లగా ఎక్కించమని నర్సుకు చెప్పింది. అయితే పాషా ఊరుకునే రకం కాదు. నీళ్లు ఎక్కిస్తే కాళ్లెట్ల లేస్తాయో చెప్పాల్సిందేనని పట్టుబట్టాడు.

"నరాలల్ల కరెంటు ఉంటది" అందామె.

"కరెంటా? నా ఒంట్ల తీగలు యాడున్నయమ్మా?"

"తీగలు గాదు. ఉప్పు నీళ్లల్ల కరిగినప్పుడు ముక్కలైతది. ఆ ముక్కలను అయాన్లు అంటం. సోడియం అయాను మీద ప్లస్ ఉంటది, పొటాషియం మీద గూడ ప్లస్సే. నరం పొరకు బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. పొరకు సన్నటి తలుపులుంటయి. మామూలప్పుడు సోడియం తలుపులు దాదాపు మూసే ఉంటయి, పొటాషియం తలుపులు జర తెరిచి ఉంటయి."

నాకు వెంటనే దావత్ షామియానా గుర్తొచ్చింది. లోపల మొదటి బంతి తిన్నవాళ్లు పక్క సందులోంచి ఒక్కొక్కరే జారుకుంటుంటారు. బయట గేటు దగ్గర ఆకలి మీదున్న రెండో బంతి తోసుకుంటూ ఉంటుంది. అదే చెప్పాను. పాషాకు ప్రాణం లేచొచ్చింది.

"గదీ! గట్ల చెప్పాలె!"

"సరే, గట్లనే అనుకోండి" అంది కృప. "పొటాషియం జారిపోయినప్పుడల్ల ఒక ప్లస్ బయటికి పోతది. లోపల మైనస్ మిగుల్తది. ఆ మైనస్ పోయేటోళ్లను మళ్ల లోపలికి గుంజుతది. పోవుడు, గుంజుడు సరిసమానమైన కాడ లోపలికీ బయటికీ తేడా నిలుస్తది. అదే కరెంటు. శానా చిన్నది, ఓల్టులో పదోవంతు గూడ ఉండదు. ఆ తేడా ఉంటే నరం తయారుగున్నట్టు. పిలుపొస్తే సోడియం తలుపులు తెరుచుకుంటయి, బయటోళ్లంత లోపలికి ఉరుకుతరు. ఆ ఉరుకుడే నరం పొడుగున పోయి కండను లేపుతది. కండల గూడ ఇదే కథ. ఉరుకుడు అయినంక లోపలోళ్లను లోపలికి, బయటోళ్లను బయటికి సర్దే పంపు ఒకటుంటది."

"మరి నా కాళ్ల కాడ ఎవడు గేటు మూసిండు?"

"మీ గోలీలే. ఉప్పుతోపాటు పొటాషియాన్ని గూడ ఒంట్లకెల్లి తోసేసినయి. బయట పొటాషియం ఖాళీ అయితే లోపలిది ఇంక ఎక్కువ జారిపోతది. లోపల మైనస్ మరీ ఎక్కువైతది. ఇగ మామూలు పిలుపుకు సోడియం తలుపు తెరుచుకోదు. మీరు లే అంటరు, కాలు వినదు."

"అంటే నా ఉప్పు నాకే తప్పింది" అన్నాడు పాషా మెల్లగా. జీవితంలో ఆయన తన ఉప్పు తప్పిందని ఒప్పుకోగా నేను వినడం అదే మొదలు.

సాయంత్రానికి బొటనవేలు కదిలింది. తర్వాత మడమలు, మోకాళ్లు. సరిగ్గా అప్పుడే హుసేన్‌బీ, అల్లుడు దానిష్ టిఫిన్ డబ్బాతో వచ్చారు. అల్లుడు మంచివాడే గాని, నోటికి మూత లేదు.

"మామా, పరేషాన్ గాకు! దావత్ మస్తుగైంది. అత్తనే డేగ్ ఎత్తింది. ఎసరు రుచి చూసింది, ఉప్పేసింది, దమ్ ఇచ్చింది. జనం మళ్ల మళ్ల అడిగి ఏసుకున్నరు. బిజినేపల్లి చుట్టాలు అత్త ఫోన్ నంబర్ గూడ తీస్కున్నరు!"

పాషా గోడ వైపు తిరిగాడు. ఆకలిగా ఉన్న నేను డబ్బా తీసుకుని వరండాలో కూర్చుని రెండుసార్లు వడ్డించుకు తిన్నాను. పాషాకు ఆ పూట బయటి కూడు పెట్టొద్దని డాక్టరు చెప్పింది.

మళ్లీ రక్తం చూస్తే బాగుంది. కృప వచ్చి లేచి నిలబడమంది. పాషా కదలలేదు. సుత్తితో కొడితే కాలు ఎగిరింది గాని, మనిషి లేవలేదు.

"అంతా సరిగ్గనే ఉందే!" అని ఆమె పాపం తల పట్టుకుంది.

హుసేన్‌బీ అల్లుణ్ని చాయ్‌కి పంపింది. స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"వాడు నిన్ను సమ్‌జాయించనీకి గట్ల అన్నడయ్యా. ఉప్పు సాల్లే. మెతుకు సప్పగ ఉన్నది. కృష్ణయ్య అయితే నోట్లె పెట్టుకోని మొఖం గిట్ల పెట్టిండు. పాషా ఎప్పుడొస్తడని అందరూ అడుగుడే. నాకు తల కొట్టేసినట్టయింది."

గోడ వైపున్న తల ఇటు తిరిగింది.

"డేగ్ పేరు మీద పిడికెడు ఏసినవా?"

"ఏలే."

"యా అల్లా! గది మర్చితివా?" పాషా కాళ్లు మంచం మీంచి దిగాయి. నిలబడ్డాడు, ఊగాడు, మంచం కమ్మీ పట్టుకున్నాడు. "ఇన్నేండ్లు పక్కన నిలవడి ఏం జూసినవే నువ్వు? మనిషి జర పక్కకు వొరగంగనే నా పేరు ఖరాబ్ జేస్తరా?" వార్డంతా వినపడేలా తిడుతూ, సెలైన్ స్టాండ్ పట్టుకుని తలుపు దాటి వరండాలోకి నడిచాడు. కృప చప్పట్లు కొట్టింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

హుసేన్‌బీ తల వంచుకుని "తప్పయింది" అంటూనే ఉంది. ఆయన మలుపు తిరిగాక, వరండాలో ఖాళీ డబ్బా నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నిజం జెప్పు శేఖరూ, ఉప్పు సరిపోయిందా?"

"సరిగ్గా సరిపోయింది వదినా" అన్నాను.