మా ఫ్రిజ్ దాటిన మందు

బందరులో మా మందుల షాపు వేరేవాళ్లకు ఇచ్చేసి గుడివాడ వచ్చేశాక నాకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొచ్చేది కౌంటరూ కాదు, బోర్డూ కాదు, ఫ్రిజ్. ఇన్సులిన్, టీకాలు అందులోనే ఉండేవి. రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. పొద్దున షట్టరు ఎత్తగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలి థర్మామీటరు చూసి నోటుబుక్కులో రాసేదాన్ని. "నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యేసి వదిలేస్తావు, దానికి మాత్రం పూటకోసారి థర్మామీటరా?" అని మా ఆయన ఏడిపించేవారు. నిజమే మరి. ఆ ఫ్రిజ్ అంటే నాకు అంత మురిపెం.

విజయవాడ నుంచి వచ్చే ఇన్సులిన్ పెట్టెలో ఐస్ ప్యాకులు కరిగి నీళ్లయి ఉంటే సరుకు దించుకోనిచ్చేదాన్ని కాదు. "బస్సు లేటండీ మేడంగారూ, నన్నేం చెయ్యమంటారు?" అని తెచ్చినతను బతిమాలినా వినేదాన్ని కాదు. వెనకాల నన్ను చండశాసనురాలు అనేవారని తెలుసు. అననీ. కరెంటు పోతే ఇన్వర్టరు ముందు ఫ్రిజ్‌కి, తర్వాతే మాకు ఫ్యాను.

మా వీధిలోకి చేపలు తెచ్చే ఒకామె ఉండేది. తట్ట ఖాళీ అయ్యాక షాపు ముందు దించి, మా కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, పమిటకు తుడుచుకుంటే గానీ మందు అందుకునేది కాదు. ఇన్సులిన్ ఆమె భర్తకి. సముద్రం మీద వేటకెళ్లే మనిషి, షుగరు ముదిరి ఇంటిపట్టున ఉండిపోయాడు. నన్ను చెల్లెమ్మా అనేది, నేను అక్కా అనేదాన్ని. నేను చేప కొంటుంటే మొప్ప ఎత్తి చూపించి, "ఎర్రగా లేకపోతే నా దగ్గరైనా కొనమాక," అనేది. సరుకు విషయంలో నాకు మించిన మొండిది. ఇక్కడి మార్కెట్లో ఎవరైనా మొప్ప ఎత్తి చూపిస్తే ఇప్పటికీ ఆమె మీద బెంగ పుడుతుంది.

ఒక మధ్యాహ్నం షాపులో జనం ఉండగా వచ్చి, "చెల్లెమ్మా, డూప్లికేట్ మందులేమన్నా వస్తన్నాయా?" అంది. డాక్టరుగారు రెండుసార్లు డోసు పెంచినా షుగరు దిగలేదట. కాలి బొటనవేలి మీద పుండు మానలేదట. ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నారట. నాకు మాత్రం డూప్లికేట్ అన్న మాటొక్కటే వినిపించింది. ఒళ్లు మండిపోయి నోటుబుక్కు తీసి ఆమె ముందు పడేశాను.

"చూడు, ఏ రోజన్నా తప్పిందేమో చూడు!"

చదువు రాని మనిషికి అంకెలు చూపించాను. ఆమె కాసేపు ఆ కాగితాల వంక చూసి, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

అదే బ్యాచ్ మందు తీసుకున్నవాళ్లందరికీ ఫోన్ చేశాను, అవనిగడ్డ నుంచి వచ్చే మేష్టారితో సహా. అందరికీ బాగానే పనిచేస్తోంది. దాంతో నా పంతం ఇంకా పెరిగింది. మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి హార్బరు వైపున్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన వేలి కోసం వెళ్లానంటే అబద్ధం. నా మాట నెగ్గించుకోవడానికి వెళ్లాను.

ఆయన కట్టు కట్టిన కాలు మంచం మీద చాపుకుని, "రండమ్మా," అన్నాడు. మందు ఎక్కడ పెడుతున్నారని అడిగాను. ఆమె చేపల థర్మోకోల్ పెట్టె మూత తీసింది. ఉప్పు కలిపి నలగ్గొట్టిన ఐసు నడిమధ్యలో, రెండు కవర్లు చుట్టిన సీసా.

"పూటపూటకీ కొత్త ఐసు ఏస్తన్నా చెల్లెమ్మా. చేపకన్నా బద్రంగా చూస్తన్నా," అంది గర్వంగా.

సీసాలో మందు గడ్డకట్టి ఉంది. సూది వేసే ముందు అరచేతుల మధ్య పెట్టి కరిగిస్తుందట. ఇన్సులిన్ ఒక్కసారి గడ్డకట్టిందా, ఇక అంతే. కరిగినా దానికి ఆ బలం తిరిగి రాదు. ఇంట్లో ఫ్రిజ్ లేదని ఆమె చెప్పిన మొదటి రోజున, "అయితే ఐసులో పెట్టుకో అక్కా, నీకు ఐసుకేం కొదవ!" అని నవ్వుతూ అన్నది నేనే. ఆ రోజు కౌంటరు దగ్గర ఆమె వెనక ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. ఐసు మందుకు తగలకూడదన్న ముక్క చెప్పలేదు.

పెంచిన డోసులో ఇప్పుడు మంచి మందు పడితే షుగరు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. అందుకని కొత్త సీసా ఇచ్చేముందే ఆయన్ని అదే ఆటోలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. డోసు తగ్గించారు. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యన ఇసుక పోసి తడుపుతూ, మందు లోపలి కుండలో ఉంచడం ఆమెకు నేర్పాను. షుగరు దిగింది. వేలు మాత్రం దక్కలేదు.

కొన్నాళ్లకు ఆమె షాపుకొచ్చింది. ఆ రోజూ జనం ఉన్నారు. తట్ట దించి, "ఈ షాపు మందు మంచిదేనండీ. ఐసులో పెట్టి పాడు చేసుకుంది నేనే. అనవసరంగా ఈ తల్లిని ఆడిపోసుకున్నా," అని అందరూ వినేటట్టు చెప్పి నాకు చేతులు జోడించింది. నేను చెప్పిన మాట మరిచిపోయిందో, మరిచిపోయినట్టు ఊరుకుందో నాకు ఈనాటికీ తెలియదు. ఐసులో పెట్టమంది నేనేనని చెప్పడానికి ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది. కౌంటరు ముందున్నవాళ్లు నా వంకే చూస్తున్నారు.

"పర్లేదులే అక్కా," అన్నాను, క్షమించాల్సిన దాన్ని నేనైనట్టు.