అడుగున సీసం తీసేశారు

పైడిబాబు తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి వేటకు వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండిపోయాడు. కొడుకు మాత్రం వల పట్టలేదు. అక్కడి హాడో రేవులో పడవలు బాగుచేసే షెడ్డులో ఫిట్టరుగా చేరి ముప్పై ఏళ్లు పనిచేశాడు.

భానుప్రకాష్ అనే కాంట్రాక్టరు టూరిస్టుల కోసం, నడిపేవాడితో కలిపి ఇద్దరు పట్టే చిన్న సబ్‌మెరైన్ చేయించినప్పుడు, దాన్ని నీళ్లలో నిటారుగా నిలబెట్టింది పైడిబాబే. అడుగున సీసం దిమ్మలు బిగించి, జెట్టీ పక్కన నీళ్లలోకి దించి, బలంగా పక్కకు ఒరగదోసి వదిలేవాడు. అది తనంతట తాను లేచి నిలబడేదాకా ఒప్పుకునేవాడు కాదు. దాన్ని నడిపే శ్రీను అతని చెల్లెలు యర్రమ్మ కొడుకు. ఒక సీజనంతా ఏ గొడవా లేకుండా గడిచింది.

రెండో సీజనుకు భానుప్రకాష్ మూడో సీటు వేయమన్నాడు. ఆ మూడో మనిషి బరువుకు సరిపడా అడుగున సీసం తీసేయమన్నాడు.

"మొత్తం బరువు అంతే కదా, ఇంకేంటి ప్రాబ్లమ్?"

"బరువు అంతే సార్. కింద ఉండాల్సింది పైకెక్కిపోతాది. తేలినప్పుడు పక్కనుంచి కెరటం కొడితే ఇంక లెగదు. పల్టీ కొట్టేస్తాది."

"తుమ్ ఇంజనీర్ హో క్యా? నువ్వు చెయ్యకపోతే ఇంకొకడు చేస్తాడు."

పక్కనే ఉన్న శ్రీను అంతా విన్నాడు. బయటికొచ్చాక పైడిబాబు మేనల్లుడి చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వెక్కకురా."

"మానేసి ఎక్కడికెళ్లాలి మావా? నేను జాగ్రత్తగా నడుపుతాన్లే."

వేరేవాడు ఇంకా అధ్వానంగా చేస్తాడని తనకు తాను చెప్పుకుని పైడిబాబే సీసం విప్పాడు. చెకింగ్ కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాడు. అందులో ఇంగ్లీషులో ఏం రాశారో అడగలేదు.

మూడో వారంలో ఒక జంటను తిప్పి శ్రీను పైకి తేల్చాడు. వాళ్లను దించడానికి మూత తెరిచాడు. అదే సమయానికి పక్కనుంచి ఓడల్ని లాగే టగ్గు ఒకటి వేగంగా పోయింది. దాని కెరటానికి సబ్‌మెరైన్ ఒరిగింది. ఒరిగింది లేవలేదు. తెరిచిన మూతలోంచి నీళ్లు దూకాయి. శ్రీను ఆ ఇద్దరినీ బయటికి తోశాడు. అతనికి మాత్రం దారి దొరకలేదు.

విచారణలో భానుప్రకాష్, డ్రైవరు తొందరపడి మూత తీశాడన్నాడు. ఆఫీసరు కాగితం చదివి, అర్థం హిందీలో చెప్పాడు. పక్కకు ఒరగదోసి పరీక్షించాను, లేచి నిలబడింది, అని ఉంది. కింద పైడిబాబు సంతకం.

"వద్దని నేను సార్‌కి ముందే చెప్పాను."

"రాసిచ్చావా?"

"లేదు."

"విన్నవాళ్లెవరైనా ఉన్నారా?"

"శ్రీను ఉన్నాడు సార్."

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. భానుప్రకాష్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

పైడిబాబు పని పోయింది. భానుప్రకాష్ మరుసటి ఏడు అడుగున అద్దాలుండే పడవలు దించాడు. వాటికి టికెట్లు దొరకడం లేదట.

అంతకుముందే, శ్రీను పెద్దకర్మ అయ్యాక, యర్రమ్మ బ్రూక్షాబాద్‌లో అన్న ఇంటికి వచ్చింది. మంచినీళ్లిస్తే ముట్టలేదు.

"తెలిసే తీసినావా అన్నయ్యా?"

అబద్ధం చెబితే ఆమె నమ్మేది. నమ్మడానికే వచ్చింది.

"తెలిసే తీశానమ్మా."

యర్రమ్మ లేచి వెళ్లిపోయింది.